జిలానీ భాయ్ పేరు లేని రికార్డు

సిద్దిపేటకు పోవాలనుకునేవాళ్లు సికింద్రాబాద్‌లో సిద్దిపేట బోర్డున్న బస్సు కోసమే కాచుకొని కూర్చోనక్కర్లేదు. కరీంనగర్ పోయే ఎక్స్‌ప్రెస్సులన్నీ ఆ ఊరి మీదుగానే పోతాయి. ఆ సంగతి తెలియక నేను మొదటి బస్సు వదిలేసుకున్నాను. పొద్దున ఏడున్నరకు ఇంకొకటి దొరికింది. నా దగ్గర పెద్ద సామానేమీ లేదు. ఒక గుడ్డ సంచి, అందులో ఒక జత బట్టలు, ఆ బట్టల మడతల మధ్య ఒక గ్రామఫోన్ రికార్డు.

ప్రయాణం ఆ రికార్డు కోసమే. అదేమిటో ముందుగా చెప్పాలి.

ఎనభైల మొదట్లో సికింద్రాబాద్‌లోని ఒక హోటల్లో మాది చిన్న బ్యాండు. శాక్సఫోన్ ఫ్రెడరిక్‌ది. డ్రమ్ములు నావి. బాసు జిలానీ భాయ్‌ది. బాసంటే మనిషంత ఎత్తుండే వయొలిన్ లాంటి వాద్యం. పక్కన నిలబడి, ఒంటికి ఆనించుకుని, లావుపాటి తీగల్ని వేళ్లతో లాగి వాయించాలి. సాయంత్రాలు భోజనానికి వచ్చేవాళ్ల కోసం సినిమా పాటలూ ఇంగ్లీషు డాన్సు పాటలూ వాయించేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం మాత్రం హాలు మాది. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉండేవి. అప్పుడు మేం వాయించినదానికి పాట లేదు, రాగం లేదు, తాళం లెక్క లేదు. ఒకరు మొదలుపెడితే మిగతా ఇద్దరం విని, తోచిన జవాబు చెప్పేవాళ్లం. దీన్ని ఫ్రీ జాజ్ అంటారని ఫ్రెడరిక్ చెప్పాడు. దారి తప్పాననిపించినప్పుడల్లా నేను జిలానీ భాయ్ వైపు చూసేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని ఉండేవాడు. ఆ బాసు మోత కాళ్ల కింద నేలలోంచి వచ్చేది. దాన్ని పట్టుకుని మళ్లీ దారిలో పడేవాణ్ని.

అదంతా ఫ్రెడరిక్ తన టేపు మిషన్‌లో రికార్డు చేసేవాడు. కొన్నేళ్లకు టేపులతో సహా కుటుంబాన్ని తీసుకుని ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు. హోటల్ వాళ్లు మమ్మల్ని తీసేసి కీబోర్డు వాయించే మనిషిని ఒక్కణ్ని పెట్టుకున్నారు. బాసు హోటల్ వాళ్లదే కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. నేను ఒక బట్టల దుకాణంలో చేరాను. జిలానీ భాయ్ తన ఊరు సిద్దిపేటకు పోయి పిండి గిర్ని పెట్టుకున్నాడు.

తొంభైలు మొదలైన కొత్తలో, ఒక ఫిబ్రవరిలో, మా వీధిలోనే ఉండే ఫ్రెడరిక్ చెల్లెలు ఈ రికార్డు తెచ్చి ఇచ్చింది. ఆస్ట్రేలియాలో ఎవరో చిన్న కంపెనీ వాళ్లు మా ఆదివారం టేపుల్ని రికార్డుగా వేశారట. అట్ట మీద ఫ్రెడరిక్ ఫొటో. వెనకవైపు పేర్లు. శాక్సఫోన్ దగ్గర ఫ్రెడరిక్ పేరు. డ్రమ్ముల దగ్గర నా పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. బాసు దగ్గర మాత్రం ఇంగ్లీషులో ‘ఒక స్థానిక కళాకారుడు’ అని ఉంది. అంతే. రికార్డు రెండోవైపు మొదలయ్యేది బాసుతో. చాలాసేపు బాసు ఒక్కటే, నేనూ ఫ్రెడరిక్కూ నోరు మూసుకుని వింటున్నాం. అది వాయించింది ఒక స్థానిక కళాకారుడు.

ఇదేమిటని ఆమెను అడిగాను. “ఆయన పూర్తి పేరు అన్నయ్యకు గుర్తు రాలేదట” అంది.

కంపెనీకి నేనూ జిలానీ భాయ్ కలిసి రాస్తే ఆ తప్పు దిద్దుతారనిపించింది. అన్నింటికంటే ముందు ఆయన ఆ వాయింపు వినాలి. ఈ రెండు పనుల కోసం బయలుదేరాను.

పొద్దున పూట పోయేవాళ్లు బస్సులో ఎడమవైపు కూర్చోవాలి. ఎండ కుడివైపు పడుతుంది, వేడికి రికార్డు వంకర తిరుగుతుంది. నేను సంచి ఒళ్లోంచి దించలేదు. శామీర్‌పేటలో ఎక్కిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుని, కాసేపు ఆ సంచినే చూసి అడిగింది.

“గదేంది బిడ్డా, దేవుని ఫొటోనా? గంత పైలంగ పట్టుకున్నవ్?”

“కాదమ్మా, పాటల ప్లేటు.”

“ఏం పాటలు? బతుకమ్మ పాటలా?”

“పాటలు లేవు. ఉత్త వాయిద్యమే.”

ఆమె నన్ను జాలిగా చూసింది. “పాటలు లేకుంటె దానికి గింత ఒడినిండ జాగెందుకు? జర పక్కకువెట్టు, నా సద్ది పెట్టుకుంట” అని తన టిఫిను డబ్బా నా మోకాలి మీదికి జరిపింది. వర్గల్ క్రాసు దగ్గర దిగిపోయేదాకా ఆ డబ్బా అక్కడే ఉంది.

ప్రజ్ఞాపూర్‌లో బస్సు కాసేపు ఆపారు. మిర్చి బజ్జీలు వేడిగా ఉన్నాయి, చాయ్ మాత్రం మరిగి మరిగి చేదెక్కింది. అక్కణ్నుంచి రోడ్డుకు రెండు పక్కలా మక్కజొన్న చేన్లు కోసేసి ఉన్నాయి. పదిన్నర దాటాక సిద్దిపేటలో దిగాను.

బస్టాండు నుంచి గిర్ని దూరమేమీ కాదు. జిలానీ గిర్ని అంటే మొదట అడిగిన బీడీల దుకాణం ఆయనే దారి చెప్పాడు. పట్టా తిరిగే చప్పుడు సందు మలుపులోనే వినిపించింది. అయిదారుగురు ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని వరసలో కూర్చున్నారు. లోపల జిలానీ భాయ్ కనుబొమలమీద, చెవులమీద తెల్లటి పిండి. నన్ను చూసి ఒక్క క్షణం పోల్చుకోలేదు.

“అరె, సత్యం! ఏంది, గింత ముసలోనివైనవ్?”

“నువ్వేమన్నా పెండ్లికొడుకులాగా ఉన్నావా?”

నవ్వుతూ వచ్చి నన్ను కావలించుకున్నాడు. నా చొక్కా తెల్లబడింది. ఆయన మిషను బందు చేయబోతే వరసలో మొదటున్న ఆమె లేచింది. “ఓ జిలానీ సాబ్, జొన్నలు సగమే పట్టినవ్. దోస్తు గిట్ల నిలవడ్తే ఉర్కిపోతడా?” ఆ వరసంతా అయ్యేదాకా నేను గోనెసంచి మీద కూర్చున్నాను. హోటల్లో ఉన్నప్పుడు ఆయన చేతివేళ్ల చివర్లు తీగల ఒరిపిడికి చెప్పుతోలులా గట్టిగా ఉండేవి. ఇప్పుడు చూస్తే మెత్తబడ్డాయి.

ఇల్లు గిర్ని వెనకాలే. భాభీ తలుపు దగ్గరే పలకరించింది. “ఆవో భాయ్ సాబ్! ఇన్నేండ్లకు యాదికొచ్చినమా మేము?” బగారా అన్నం, ఖట్టీ దాల్, వంకాయ కూర పెట్టింది. నేను వస్తానని తెలియకపోయినా వడ్డన పండగలాగే ఉంది. తింటున్నంతసేపూ జిలానీ భాయ్ హోటల్ రోజుల కబుర్లే చెప్పాడు. ఫ్రెడరిక్ ఎట్లా ఉన్నాడని రెండుసార్లు అడిగాడు.

చేతులు కడుక్కుని రికార్డు బయటికి తీశాను. ముందు వినిపించి, పేర్ల సంగతి నెమ్మదిగా తర్వాత చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కుదరలేదు. మా ఆదివారాల రికార్డు ఇదేనని చెప్పగానే జిలానీ భాయ్ చేతులు లుంగీకి తుడుచుకుని అట్టను అందుకున్నాడు. భాభీ ఆయన భుజం మీంచి తొంగిచూసింది. ఆమెకు చదువు రాదు.

“గీ ఫొటోల ఉన్నది ఫ్రెడ్రిక్ భాయ్ గదా. మరి మీ పేరేడ ఉన్నది? సూపియ్యుండ్రి” అంది.

జిలానీ భాయ్ అట్ట తిప్పాడు. హోటల్లో పని చేసినవాడు, ఇంగ్లీషు అక్షరాలు చదవగలడు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. కళ్లు ఫ్రెడరిక్ పేరు దాటి, నా పేరు దాటి, కిందికి దిగి ఆగాయి. మళ్లీ పైనుంచి కిందికి చదివాడు. తర్వాత ఆ ‘స్థానిక కళాకారుడు’ అన్న అక్షరాల మీద వేలు పెట్టాడు.

“గిదే” అన్నాడు. “గిదే నా పేరు.”

భాభీ వేలు పెట్టిన చోటు వంగి చూసింది. “మస్తు పొడుగున్నది” అంది. అక్కడ అంటిన పిండిని కొంగుతో, అక్షరాలు చెరిగిపోతాయేమోనన్నట్టు మెల్లగా తుడిచింది. సాయంత్రం పక్కింటివాళ్లను పిలిచి చూపించాలంది. జిలానీ భాయ్ నా వైపు చూడలేదు. “నడువ్, ఇని వద్దాం” అని లేచాడు.

సిద్దిపేటలో అప్పటికే అంతటా క్యాసెట్లే. రికార్డు ప్లేయరు ఎవరి దగ్గర ఉంటుందో అడుగుతూ రెండు కరెంటు దుకాణాలు తిరిగాం. చివరికి పెండ్లిళ్లకు షామియానాలు, మైకు సెట్లు కిరాయికిచ్చే రాజయ్య దగ్గర పాతదొకటి ఉందని తెలిసింది. ఆయన జిలానీ భాయ్‌కి ఎరికైనవాడే.

“ప్లేట్లు ఇప్పుడెవలు అడుగుతున్రు సేట్, క్యాసెట్లు వచ్చినంక?” అంటూ అటక మీంచి దించి, బూజు దులిపి, ఆంప్లిఫయరుకు తగిలించాడు. దుకాణం ముందు పందిరి గుంజకు ఒక హార్ను కట్టి ఉంది. ఉమ్మెత్త పువ్వులా నోరు తెరుచుకుని ఉండే లౌడ్‌స్పీకరు. ఉన్నది అదొక్కటే.

మొదటివైపు పెట్టాం. ఫ్రెడరిక్ శాక్సఫోన్ బజారంతా కీచుమంది. నా తాళాలు రేకు డబ్బా మీద కంకర పోసినట్టు వినిపించాయి. బాసు లేదు. నేను చెవి రిక్కించి విన్నాను. లేనే లేదు. ఆ హార్నులోంచి సన్న గొంతులే బయటికి వస్తాయి, లావు శబ్దం రాదు. పెండ్లి పాటలకూ ఎన్నికల ప్రచారానికీ అది చాలు. ఈ ముక్క నాకు ముందే తట్టాల్సింది. జిలానీ భాయ్ హార్ను కిందే నిలబడ్డాడు, తల పైకెత్తి, కళ్లు మూసుకుని.

“రెండోవైపు పెట్టు” అన్నాడు కాసేపటికి. అది తనదేనని తెలుసు ఆయనకు. దారిలో నేనే చెప్పాను.

రాజయ్య తిప్పి పెట్టాడు. సూది గరగర. అప్పుడప్పుడు తీగ మీద గోరు తగిలిన చిన్న టిక్కు. అంతకుమించి ఏమీ లేదు. దారినపోయే ఇద్దరు ఆగి హార్ను వైపు చూసి వెళ్లిపోయారు. రాజయ్య సౌండు పెంచాడు. గరగర పెరిగింది.

“గిది ఖాళీ ఉన్నట్టున్నది సారూ” అన్నాడు నాతో. “అచ్చుల తప్పు వడ్డది. ఈ దిక్కు ఏం నింపలే.”

నేను ఏదో చెప్పబోయాను. జిలానీ భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“అవ్, ఖాళీనే. తీసెయ్ రాజన్నా” అన్నాడు.

వేరే ఎక్కడన్నా పెట్టె స్పీకరు దొరుకుతుందేమో చూద్దామన్నాను. ఎవరో డాక్టరు ఇంట్లో ఉందని రాజయ్య కూడా చెప్పాడు. జిలానీ భాయ్ వినిపించుకోకుండా నడిచాడు. నేను వెనక నడిచాను. సాయంత్రం అయిదు దాటింది. కోమటి చెరువు కట్ట మీదికి వచ్చాక గాని ఆయన ఆగలేదు. కట్ట మీద గాలి బాగుంది. ఊరికి కొత్తవాళ్లెవరైనా పొద్దుగూకే ముందు అక్కడికి పోవచ్చు. ఆ సాయంత్రం నాకు అదేమీ కంటికి ఆనలేదు.

“ఆ ఫ్రెడ్రిక్ నన్ను ఏమని పిలిచేటోడు, యాదికున్నదా?” అన్నాడు.

“జిల్ అని.”

“గదన్న రాయొద్దా? మూడక్షరాలు గూడ లేవు. జిల్ అని రాస్తె ఆనిదేం పోతుండె?”

నేను కంపెనీకి కలిసి రాద్దామన్నాను. ఇంకోసారి వేసినప్పుడు దిద్దుతారన్నాను.

“ఏమని రాస్తవ్? గీ లోకల్ మనిషి పేరు గిది, జర దయచేసి ఎయ్యిండ్రి అనా? నా పేరు నేను అడుక్కోవాల్నా సత్యం?”

“నువ్వు రాయొద్దు. నేను రాస్తా.”

“నువ్వెందుకు రాయవు? నీ పేరు సక్కంగ ఉన్నది గదా, ఇంటిపేరుతోని.” అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. “సిద్దిపేట దాక వచ్చినవ్. నా వాయింపు ఇనిపియ్య వచ్చిన్నంటున్నవ్. నీ పేరు సూపియ్య వచ్చినవ్.”

“అంత మాట అనకు భాయ్. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. నీకియ్యాలనే తెచ్చాను.”

“అయితె ఒక పని జెయ్యి. ఆళ్లకు రాసెటప్పుడు నీ పేరు గూడ కొట్టెయ్యమని రాయి. ఇద్దరు లోకల్ మనుషులు వాయించిన్రు అని ఎయ్యమను. అప్పుడు ఇద్దరం ఒక్కతీరుగ ఉంటం. రాస్తవా?”

రాస్తానని వెంటనే అని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆ రికార్డు ఇంటికి వచ్చిన రోజు నా పేరును వేలితో తడిమి చూసుకున్నాను. దుకాణంలో ముగ్గురికి చూపించాను. ఇన్నేళ్ల డ్రమ్ముల వాయింపుకు లోకంలో మిగిలినది ఆ ఒక్క వరసే. జిలానీ భాయ్ నా జవాబు కోసం కొంతసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

రికార్డు ఆయన చేతిలో పెట్టాను. తీసుకుని చంకలో పెట్టుకుని కట్ట దిగిపోయాడు. ఇంటికి రమ్మనలేదు.

బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకున్నాను. మంచం కుదురుగానే ఉంది, నీళ్లు మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి, తర్వాత రావు. కింద హోటల్లో ఇడ్లీ తిని ఏడు గంటలకు బస్టాండులోకి వచ్చేసరికి జిలానీ భాయ్ సైకిలు దిగుతున్నాడు. క్యారియరు మీద తువ్వాలులో చుట్టిన రికార్డు.

“పోయినవేమో అనుకున్న” అన్నాడు.

నిన్నటి మాటలు మరిచిపొమ్మంటాడేమోనని ఆశపడ్డాను. ఆయన తువ్వాలు విప్పి, అట్ట నా చేతికిచ్చాడు.

“తీస్కపో.”

“నీకని తెచ్చింది భాయ్.”

“ఇంట్ల పెట్టుకోరాదు. నిన్న పొద్దుమూకి పక్కింటోళ్లను పిలుస్తనన్నది. ఏదో చెప్పి ఆపిన. గియ్యాల ఆపలేను. ఆళ్ల బిడ్డ కాలేజీల సదువుతది, ఇంగ్లీషొస్తది. అండ్ల ఏమున్నదో చదివి చెప్తది. అప్పుడు మా ఆమె మొఖం నేనెట్ల చూడాలె?”

“భాభీకి ఏం చెప్తావ్?”

“నీకు అక్కెర వడ్డది, తీస్కపోయినవ్ అని చెప్త. నిన్ను తిడ్తది. తిట్టనీ.” తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. “గిర్ని తెర్వాలె.”

బస్సు కదిలేదాకా ఉండమని అడగబోయాను. అప్పటికే సైకిలెక్కాడు. వెనక్కి చూడలేదు.

తిరుగు ప్రయాణంలో పొద్దున పూట కుడివైపు కూర్చోవాలి. ఆ కిటికీ సీటే దొరికింది. దుద్దెడ దాటేదాకా నా పక్కన ఎవరూ లేరు. ఆ తర్వాత వెనక సీట్లో ఎండ పడుతోందని ఒకాయన ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. సిద్దిపేట కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడట, పరీక్ష పేపర్ల పని మీద హైదరాబాద్ పోతున్నాడట. ఒళ్లో ఉన్న అట్టను చూసి, అడిగి తీసుకున్నాడు.

“ఫారిన్ రికార్డే! ఎక్కడిది సార్?”

“తెలిసినవాళ్లు ఇచ్చారు.”

అట్ట తిప్పి పేర్లు పైకి చదివాడు. నా పేరు దగ్గర ఆగాడు. “అరె, ఇదేదో తెలుగు పేరుందే! చూసిన్రా? ఆస్ట్రేలియా రికార్డు మీద మనోని పేరు!” ఆయన ముఖంలో నిజంగానే సంతోషం. కింది వరస కూడా చదివాడు. దాని గురించి ఏమీ అనలేదు. మళ్లీ నా పేరు మీదికే వచ్చాడు.

“ఈయన మన దిక్కు మనిషేనా సార్? మీకు తెలుసా?”

“తెలియదు” అన్నాను.

“తెలుసుకోవాలె సార్ ఇసొంటోళ్లను” అని అట్ట తిరిగి ఇచ్చేశాడు. ప్రజ్ఞాపూర్‌లో బలవంతంగా చాయ్ కూడా తాగించాడు.

నా పేరును వదులుకునే ఆ మాట నిన్న సాయంత్రం కట్ట మీద అనాల్సింది. అక్కడ అని ఉంటే దానికి విలువుండేది. బస్సులో, ముక్కూమొహం తెలియని మనిషి ముందు అన్నంత మాత్రాన నా పేరు అట్ట మీంచి పోలేదు, జిలానీ భాయ్ పేరు అట్ట మీదికి రాలేదు.

పదకొండు కాకముందే సికింద్రాబాద్‌లో దిగాను. సిద్దిపేటకు పోదలచినవాళ్లకు దారి సుఖమే. రోడ్డు బాగుంది, బస్సులు చాలానే ఉన్నాయి, మనుషులు అడగకుండానే దారి చెబుతారు, వచ్చినవాడికి కడుపునిండా పెడతారు. ఆ ఊరికి మళ్లీ పోవడానికి నాకే మొహం చెల్లదు.